ఇబ్బంది పెట్టని మనిషి

"ఇవాళ గురువారం. పొద్దున్న ఏడూ పది అయింది. మీరున్నది ఆసుపత్రిలో, రెండో అంతస్తు. బయట మబ్బుగా ఉంది గానీ వాన వచ్చేట్టు లేదు."

నాలుగో మంచం మీది పెద్దాయన ముక్కు మీద కళ్లజోడు సర్దుతూ ఆమె ఈ మాటలు చెప్పింది. మూడో మంచం దగ్గరా ఇవే చెప్పి వచ్చింది, ఐదో మంచం దగ్గరా ఇవే చెబుతుంది. మాట మార్చదు, గొంతు కూడా మార్చదు. ఈ వార్డులో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. నర్సులు పెట్టిన పేరు టైమమ్మ. మొదట్లో వెక్కిరింపుగానే పెట్టారు. పంతొమ్మిదేళ్లలో వెక్కిరింపు అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో పడిపోతుంటే పట్టుకోబోతున్నట్టు నడుస్తుంది. చేతులు మందునీళ్లకు నాని నాని తెల్లబడిపోయాయి, కణుపుల దగ్గర చర్మం చిట్లింది. మెట్లెక్కితే ఎడమ మోకాలు కటుక్కుమంటుంది. ఉద్యోగం కాగితంలో ఆమె పనులు రాసి ఉన్నాయి: నేల తుడవడం, దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్లూ ఉచ్చ సీసాలూ పారబోసి కడగడం. రోగులకు వారమూ టైమూ చెప్పమని అందులో ఎక్కడా లేదు.

వయసు మళ్లినవాళ్లు కొత్తచోట నిద్రలేస్తే ఒక్క క్షణం వాళ్ల కళ్లలో ఏమీ ఉండదు. పైన తెల్లటి కప్పు, పక్కన ఎవరిదో దగ్గు, చేతికి సూది. అప్పుడు ఎవరైనా వచ్చి ఇది ఫలానా చోటు, ఇది ఫలానా పూట అని చెబితే కుదుటపడతారు. చెప్పకపోతే వాళ్లే ఒక చోటు కల్పించుకుంటారు. అక్కణ్నుంచి వాళ్లను వెనక్కి తీసుకురావాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇది ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఈ మధ్య వచ్చిన చిన్న డాక్టరమ్మ మాత్రం దీనికో పేరుందని చెప్పింది, డెలీరియం అట. ముసలితనపు మతిమరుపు కాదనీ, ఒంట్లో ఏదో తేడా చేసినప్పుడు ఉన్నట్టుండి మతి దారి తప్పడమనీ, కారణం పట్టుకుంటే చాలామంది మళ్లీ దారికొస్తారనీ, పట్టుకోకపోతే ప్రాణం మీదికే రావచ్చనీ చెప్పింది. టైమమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. సంగతి మాత్రం ఆమెకు ముందే తెలుసు. ఎలా తెలుసో డాక్టరమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అందుకని ఒక్కో మంచం దగ్గర నాలుగు పనులు పెట్టుకుంది. సొరుగు తెరిచి కళ్లజోడు తీసి తుడిచి పెట్టడం, గ్లాసులోని కట్టుడు పళ్లు కడిగి నోట్లో పెట్టడం, ఎదురుగా నిలబడి గ్లాసెడు నీళ్లు తాగించడం, ఆ తర్వాత వారమూ టైమూ చెప్పడం.

మొదటి మంచం దగ్గర మాత్రం ఈ పూట నాలుగింట్లో ఒక్కటే అయింది. నర్సుల బల్లకు ఎదురుగా ఉండే ఆ మంచం మీదికి రాత్రి ఒకాయన వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు, డెబ్బై నాలుగేళ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. భార్య సంచి సర్దిపెట్టి వెళ్లిందట, దూరం మనిషి, సాయంత్రం ఐదింటికి వస్తుంది. తెల్లవారిందగ్గర్నుంచి ఆయన అరుస్తూనే ఉన్నాడు. వార్డంతా ఆయనకు బస్సే. ముందుకు జరగమనీ, మెట్టు మీద నిలబడొద్దనీ, టికెట్టు తీసుకోనివాళ్లు దిగిపోవాలనీ ఒకటే గోల. సెలైన్ సూది రెండుసార్లు పీకేశాడు. దాంతో చేతులు రెండూ గాజుగుడ్డ పట్టీలతో మంచం ఊచలకు కట్టేశారు. టైమమ్మ వారమూ టైమూ చెబితే, ఏంటి, ఏమంటున్నారు అంటూ ఆమె మీదికే కేకలేశాడు. ఆమె సొరుగు వైపు వంగేసరికి కాలు జాడించి నీళ్ల బేసిను తన్నాడు. నేలంతా నీళ్లు. ఎవరైనా జారి నడుం విరగ్గొట్టుకుంటే మరో మంచం ఎక్కణ్నుంచి తేవాలి, ముందు తుడువు అని పెద్ద సిస్టరు కసిరింది. తుడిచి లేచేసరికి మిగిలిన పదకొండు మంచాలూ ఆమె కోసం కాచుకుని ఉన్నాయి. ఈయన సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంది.

ఏడో మంచం మాస్టారిది. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన టైలరు. ఇంట్లో జారిపడి తుంటి విరిగితే సోమవారం ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మర్నాటి నుంచి వార్డుకు కాలక్షేపమంతా ఆయనతోనే. మంచం చుట్టూ ఉన్న ఆకుపచ్చ పరదాను రెండు వేళ్లతో నలిపి చూసి, దీన్ని తిరగేసి కుట్టారని తేల్చాడు. నిజమే, మడత కుట్టు బయటికుంది, నునుపు లోపలికుంది. ఎనిమిదేళ్లుగా అవే పరదాలు, రోజూ లాగేవాళ్లలో ఒక్కరి కంటికీ అది ఆనలేదు. ఇక పరదా పక్కనుంచి ఎవరు వెళ్లినా మాస్టారు ఊరుకోడు. కుట్టినవాణ్ని ఒక్కసారి చూపించండి, కాళ్లకు దణ్ణం పెట్టి పోతానంటాడు. నెత్తురు తీయడానికొచ్చినవాళ్లకు, బీపీ చూసే నర్సుకు, ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరుకు కూడా ఇదే పాట. నిన్న పొద్దున్న టైమమ్మను కూడా వదల్లేదు. అందరికీ టైము చెబుతావు, ఆ పరదాకి మంచి టైము ఎప్పుడొస్తుందో చెప్పవేం అని నిలదీశాడు. ఆమెకు నవ్వాగక సీసా చేతిలోంచి జారబోయింది.

ఇవాళ ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. దుప్పటి గడ్డం దాకా ఎవరో సర్దింది సర్దినట్టే ఉంది, కాలో చెయ్యో కదిలిన జాడ లేదు. వారం చెబితే ఊ అన్నాడు. కళ్లజోడు పెడితే పెట్టించుకున్నాడు. నీళ్లు పట్టిస్తే సగం పెదవి పక్కనుంచి మెడ మీదికి కారాయి, తుడుచుకోలేదు. ఆమె కావాలనే పరదాను బర్రున ఒక కొసనుంచి ఇంకో కొసకు లాగింది. ఆయన చూపు దాని మీదుగా వెళ్లిపోయింది.

"పరదా ఎలా ఉంది మాస్టారూ?"

ఆయన చాలాసేపటికి, "బాగుంది," అన్నాడు.

అరుపు కంటే, ఏడుపు కంటే ఆమెకు ఈ రకం బాగుంది అంటేనే భయం.

ఆమె మొగుడు నోరున్న మనిషి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి రోడ్డు మీద పోయే బండి హారను దాకా ఆయన వంక పెట్టనిది లేదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఒక్కపూట ఊరుకుని ఎరగడు. కడుపులో పుండు పగిలితే ఇలాంటి ఆసుపత్రిలోనే చేర్చారు. ఆపరేషనయ్యాక రెండు రోజులు నర్సులందరినీ తిట్టిపోశాడు. మూడో రోజు నోరు మూశాడు. ఏది పెడితే అది తిన్నాడు, ఏమడిగినా సరేనన్నాడు. చూడ్డానికొచ్చిన ఆడపడుచుతో ఆమె నవ్వుతూ అంది, ఇరవై ఏళ్లకి హాయిగా ఉంది వదినా, దిష్టి పెట్టకండి అని. నర్సు కూడా ఇప్పుడు బుద్ధిమంతుడయ్యాడంది. ఆ ధైర్యంతోనే ఆమె ఇంటికెళ్లి, మాసిన బట్టలు ఉతుక్కుని, తలంటుకుని, కంటినిండా నిద్రపోయింది. తెల్లవారేసరికి మనిషి లేడు. లోపల చీము పట్టి రెండు రోజులైందట. నొప్పి అనలేదెందుకని డాక్టరు అడిగాడు. అనేంత తెలివి ఆయనకు అప్పటికే లేదని ఆమెకు తర్వాతెప్పుడో అర్థమైంది. ఆ మరుసటి ఏడాదే ఈ ఆసుపత్రిలో పనికి కుదిరింది. ఎందుకు ఇక్కడే అని అడిగినవాళ్లకు ఇంటికి దగ్గరని చెప్పింది. దగ్గరేం కాదు, రెండు బస్సులు మారాలి. ఇంకెవరూ తన కళ్ల ముందు అలా చడీచప్పుడు లేకుండా జారిపోకూడదని ఆమె పంతం, అంతే. ఆ పంతం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే నవ్వుతారు.

ఎనిమిదిన్నరకు పెద్ద సిస్టరు బల్ల దగ్గర కూర్చుని పుస్తకం రాసుకుంటోంది. పన్నెండు మంచాలకు ఇద్దరు నర్సులుండాలి, ఒకామె సెలవు. రాత్రి నర్సు రాసిపోయిన వరుస టైమమ్మ తలకిందులుగానే చదివింది. ఏడు: నిద్రపోయారు, ఇబ్బంది పెట్టలేదు. మాస్టారు మనిషి మనిషిలా లేడని ఆమె చెప్పింది. జ్వరం లేదు, బీపీ బాగుంది, నొప్పి అనడం లేదు, ఇంకేం కావాలని సిస్టరు అడిగింది. పరదాని బాగుందన్నాడని టైమమ్మ చెప్పింది. చెప్పాక ఆ మాట ఎంత తేలిపోయిందో ఆమెకే తెలిసింది.

సిస్టరు కలం ఆపి, "తిడితే తిట్టాడంటారు, ఊరుకుంటే ఊరుకున్నాడంటారు. అక్కడ ఒకటో నంబరు నా ప్రాణాలు తోడేస్తున్నాడు, చూస్తున్నావుగా. నిద్రపోయేవాణ్ని లేపి నాకు ఇంకో తలనొప్పి తేకు," అంది.

ఆ తర్వాత రెండో కబురు కూడా చెప్పింది. రెండింటికి ఆపరేషన్ గదినుంచి ఒకాయన వస్తున్నాడు, మంచం కావాలి. మాస్టారిని వెనక గదికి మార్చేస్తారు. నెమ్మదస్తుడు కదా, అక్కడైతే విశ్రాంతిగా ఉంటాడు.

వెనక గది సంగతి టైమమ్మకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వార్డు చివర సన్న నడవ దాటాక నాలుగు మంచాలు. ఉన్న ఒక్క కిటికీ పక్క భవనం గోడకు ఆనుకుని ఉంటుంది, పగలూ రాత్రీ అదే మసక. పిలుపు గంట నొక్కితే మోగదు, రిపేరుకు రాసి ఏడాదైంది. అరిచేవాళ్లను బల్ల ఎదురుగా ఉంచుతారు, అరవనివాళ్లను అక్కడికి పంపుతారు. అది ఈ వార్డు అలవాటు, ఎవరూ పెట్టిన రూలు కాదు. ఇబ్బంది పెట్టనివాణ్ని పంపిస్తే పంపినవాళ్లకూ ఇబ్బంది ఉండదు. అక్కడికి వెళ్లినవాళ్లలో ఎందరు మళ్లీ ముందు గదికి వచ్చారో ఆమె వేళ్ల మీద లెక్కపెట్టగలదు, ఒక చెయ్యి చాలు.

టైము ఎనిమిదిన్నర. రెండింటికి ఐదున్నర గంటలుంది.

ఆమె కాలు గాలిన పిల్లిలా తిరిగింది. తొమ్మిదింటికి డాక్టర్ల రౌండు వచ్చింది. పెద్ద డాక్టరు మాస్టారి మంచం దగ్గర కాగితం చూసి, ఎలా ఉన్నారని అడిగాడు. బాగుందన్నాడు మాస్టారు. గుడ్ అని పెద్ద డాక్టరు ముందుకెళ్లాడు. మొత్తం అరనిమిషం పట్టలేదు. చిన్న డాక్టరమ్మ ఆ రౌండులో లేదు, పై అంతస్తులో డ్యూటీ. పదింటికి టైమమ్మ కుంటుకుంటూ మెట్లెక్కి వెళ్లింది. డాక్టరమ్మ లోపల ఎవరికో గొట్టం వేస్తోందనీ, వచ్చాక చెబుతాననీ తలుపు దగ్గర మనిషి అన్నాడు. ఏమని చెప్పాలని కూడా అడిగాడు. రెండో అంతస్తు ఏడో మంచం, రెండింటిలోపు రమ్మనండి అని చెప్పి దిగింది.

పదకొండింటికి మాస్టారి కూతురు వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో పాల ఫ్లాస్కు. రెండు రోజులుగా తండ్రి నస పడలేక చచ్చాననీ, ఇవాళ హాయిగా ఉన్నాడనీ, రాత్రి నిద్రమాత్ర బాగా పని చేసినట్టుందనీ సంబరపడింది. ఆ సంబరం చూస్తే టైమమ్మకు అరవాలనిపించింది. అరిస్తే పని చెడుతుంది. ఆమెను పక్కకు పిలిచి, నాన్నగారిని ఏదైనా ఒక పాత సంగతి అడగమ్మా, పని గురించి అడుగు అని మాత్రం చెప్పింది. కూతురు వెళ్లి, అద్దె కొట్టు తాళం ఎక్కడ పెట్టావు నాన్నా అని అడిగింది. ఆయన కూతురి ముఖంలోకి చూసి, సరేనమ్మా అన్నాడు. దుప్పటి మీద ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చి, లేని సూదిలోకి లేని దారం ఎక్కిస్తున్నాయి. ఎక్కించి, లాగి, మళ్లీ ఎక్కిస్తున్నాయి. కూతురి చేతిలో ఫ్లాస్కు మూత కింద పడింది.

సరిగ్గా అప్పుడే మొదటి మంచం దగ్గర పెద్ద శబ్దం. కండక్టరు ఒక కట్టు తెంచుకుని, ఊచ మీదుగా కాలు బయటికి వేశాడు. సిస్టరు పరుగెత్తింది, టైమమ్మ పరుగెత్తింది. ఇద్దరూ కలిసి పట్టుకుంటే గానీ లొంగలేదు. సిస్టరు ఫోన్లో డాక్టరును అడిగి మత్తు ఇంజెక్షన్ తెచ్చింది. వేసేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నది టైమమ్మే. ఆయన ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు, గుచ్చి గుచ్చి, చంటిపిల్లవాడు చూసినట్టు. ఏంటంటున్నారమ్మా, ఏంటంటున్నారు అని రెండుసార్లు అడిగాడు. ఏం లేదు బాబూ, పడుకో అంది. ఆమె మనసంతా ఏడో మంచం మీదే ఉంది. ఐదు నిమిషాల్లో ఆయన గొంతు దిగిపోయింది. వార్డు మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పక్క మంచం ఆయనైతే చేతులు జోడించి పైకి చూశాడు.

పన్నెండయింది, ఒంటిగంటయింది. డాక్టరమ్మ రాలేదు. భోజనాల పళ్లేలు తీసేసరికి ఒంటిగంటన్నర. మాస్టారి పళ్లెంలో మెతుకు కదల్లేదు.

రెండింటికి పది నిమిషాలుందనగా మంచం తోయడానికి మనిషి వచ్చాడు. కూతురు బ్యాగు సర్దుకుంటూ, వెనక గదిలో ఫ్యానుందా అని అడుగుతోంది. టైమమ్మ బకెట్టు పక్కన పెట్టింది. మంచం కాళ్ల దగ్గరికెళ్లి చక్రం బ్రేకు మీద కాలు పెట్టి నిలబడింది.

"డాక్టరమ్మ చూసిందాకా ఈ మంచం కదలదు."

పంతొమ్మిదేళ్లలో ఆమె ఆ వార్డులో కదలదు అన్న మాట అనడం అదే మొదలు. ఆ మనిషి నవ్వబోయి ఆగాడు. పెద్ద సిస్టరు వచ్చింది. మొదట నెమ్మదిగా చెప్పింది, తర్వాత గట్టిగా చెప్పింది, ఆపరేషన్ గదినుంచి ఫోను మోగుతుంటే ఇంకా గట్టిగా చెప్పింది. కాలు తీయకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని కూడా అంది. పనిపోతే ఏం తినాలో టైమమ్మకు తెలియదు. అయినా కాలు తీయలేదు. తీస్తే మాస్టారు ఆ నడవ దాటతాడు, ఆ తర్వాత ఆయన్ను ఎవరూ ఏమీ అడగరు.

ఈ రభస మధ్యలో చిన్న డాక్టరమ్మ లోపలికొచ్చింది. జడ ఊడిపోయి ఉంది, పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఎవరు రమ్మన్నారు అంది. నేనేనమ్మా అంది టైమమ్మ, కాలు తీయకుండానే. చెప్పమంటే చెప్పింది. నిన్న పొద్దుటి దాకా ఎలా ఉండేవాడో, ఇవాళ ఎలా ఉన్నాడో, పరదా సంగతితో సహా. ఆ మాటకు డాక్టరమ్మ నవ్వలేదు. మంచం పక్కన ఒంగి, మాస్టారి చెయ్యి పట్టుకుని, వారాల పేర్లు వెనకనుంచి చెప్పమంది. ఆదివారం నుంచి మొదలుపెట్టి వెనక్కి.

"ఆదివారం," అన్నాడు మాస్టారు. "శనివారం." ఆగాడు. నుదురు ముడతలు పడింది, పెదవులు కదిలాయి. "ఆదివారం," అన్నాడు మళ్లీ. ఆ తర్వాత ఏమీ అనలేదు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. రాత్రి నిద్రమాత్ర కొత్తగా మొదలుపెట్టారు. నిన్న పొద్దున్నే ఉచ్చ గొట్టం తీసేశారు. తీశాక పోశారా అని అడిగింది. సిస్టరు పుస్తకం చూసి, ప్యాడ్ తడిగా ఉందని రెండుసార్లు రాసుందని చెప్పింది.

"తడి వేరు, పోయడం వేరు డాక్టరమ్మా," అంది టైమమ్మ. "సీసాలు పారబోసేది నేను. నిన్నటినుంచి ఈయన సీసాలో గుక్కెడు కూడా లేదు. ఆ తడి కారింది, పోసింది కాదు."

డాక్టరమ్మ దుప్పటి తీసి బొడ్డు కింద వేళ్లతో నొక్కింది. రాయిలా ఉంది. పొద్దుటినుంచి అంతా బాగుందంటున్న మనిషి మొదటిసారి మూలిగాడు. మూత్రం నిండిపోయి బిగిసిందనీ, ఒక్కోసారి ఇదొక్కటే చాలు పెద్దవాళ్ల మతి తప్పడానికనీ, ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు పోయేవనీ డాక్టరమ్మ కూతురికి చెబుతూనే చేతి తొడుగులు వేసుకుంది. గొట్టం పడింది. సంచీ నిండింది, పారబోస్తే మళ్లీ సగం నిండింది. నిద్రమాత్ర ఆపేశారు, నెత్తురు పరీక్షకు పంపారు. మంచం ఇక్కడే ఉంటుంది, కిటికీ వెలుతురు కావాలి, తెలిసిన మనిషి పక్కనుండాలి అని డాక్టరమ్మ రాసి సంతకం పెట్టింది. కొత్తగా వచ్చినాయన్ను పై అంతస్తుకు పంపించారు. పెద్ద సిస్టరు గొట్టం పట్టుకుని గంటసేపు ఆ మంచం దగ్గరే ఉండిపోయింది, చెయ్యాల్సిందంతా చేసింది. టైమమ్మ వైపు మాత్రం చూడలేదు.

కూతురు తండ్రి చెయ్యి వదలకుండా చెప్పిందే చెబుతూ కూర్చుంది. ఇవాళ గురువారం నాన్నా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, నేనొచ్చాను. మూడున్నర దాటాక మాస్టారు కళ్లు చికిలించి పక్కకు చూశాడు.

"ఆ పరదా ఇంకా మార్చలేదా?" అన్నాడు, గొంతు పీలగా.

కూతురు ఏడ్చేసింది. టైమమ్మ యాప్రానుతో ముఖం కప్పుకుని, నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. ఇరవై ఏళ్లుగా గుండెల మీద ఉన్న బరువు ఏదో దిగినట్టయింది. మొగుడి ముఖం గుర్తొచ్చింది, ఈసారి తిడుతున్న ముఖం. ఇంకా పూర్తిగా తేలలేదు, సాయంత్రానికి మళ్లీ మసకబారొచ్చు, రెండు మూడు రోజులు ఇలాగే వస్తూ పోతూ ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. పోతే మళ్లీ పిలుద్దాం, దానికేం అనుకుంది టైమమ్మ.

అప్పుడు గాని కాళ్లు పీకుతున్న సంగతి తెలియలేదు. పొద్దుటినుంచి టీ కూడా తాగలేదు. బల్ల వైపు నడుస్తుంటే వార్డు ఎంత ప్రశాంతంగా ఉందో గమనించింది. కండక్టరు పక్కకు ఒత్తిగిలి, నోరు కొంచెం తెరిచి, దుప్పటి మెడదాకా కప్పుకుని పడుకున్నాడు. కట్లు వదులు చేసి ఉన్నాయి. హమ్మయ్య అనుకుంది. పాపం, ఇప్పటికి నిద్రపట్టింది, లేపడమెందుకని అడుగులు మెల్లగా వేసింది. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతుంటే, చప్పుడు కాకుండా ఆయన మంచం చుట్టూ పరదా కూడా లాగింది. ఆ తర్వాత వెళ్లి టీ తాగింది, రెండు బ్రెడ్డు ముక్కలు ముంచుకుని తింది.

నాలుగుంబావుకు సిస్టరు జ్వరం చూడ్డానికి పరదా తీసింది. టైమమ్మా అని పిలిచింది, ఎప్పుడూ లేనంత మెల్లగా. టైమమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంది. పొద్దున బేసిను తన్నిన కాలు, ఇంజెక్షనప్పుడు తను పట్టుకున్న చేతి వేళ్లు, అన్నీ చల్లబడ్డాయి. డాక్టర్లొచ్చారు, ఛాతీ మీద నొక్కారు, లైటు వేసి కళ్లు చూశారు, ఆపారు. అరగంటకొకసారి చూడాల్సిన మనిషిని రెండు గంటలుగా ఎవరూ చూడలేదని ఎవరూ పైకి అనలేదు. అందరూ ఏడో మంచం దగ్గరే ఉన్నారు కదా. సిస్టరు కుర్చీలో కూర్చుని, బుద్ధిగా పడుకున్నాడనుకున్నానమ్మా, అని నేలకేసి చెప్పింది.

"నేనూ అదే అనుకున్నా," అంది టైమమ్మ. "పరదా వేసింది నేనే."

ఎవరైతే నోరు మూశారో వాళ్లను చూడాలని పంతొమ్మిదేళ్లుగా అనుకున్న మనిషి, మూసిన నోరు పక్కనుంచే మునివేళ్ల మీద నడిచి వెళ్లింది. టైమమ్మ కట్లు విప్పింది. ముఖం తుడిచింది. మణికట్ల మీద గాజుగుడ్డ ఒరుసుకున్న ఎర్రటి గీతల్ని వేలితో రుద్దింది, పోతాయేమోనని.

ఐదింటికి భార్య వస్తుంది, సామాను తీసి ఉంచమన్నారు. సంచిలో ఒక జత బట్టలు, దువ్వెన, చెప్పులు. ఇక మిగిలింది సొరుగు. పొద్దుటినుంచి ఎవరూ తెరవని సొరుగు బిగుసుకుని, రెండుసార్లు లాగితే గానీ రాలేదు. లోపల ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె, దానికి రబ్బరు పట్టీతో చుట్టిన కాగితం. గుండ్రటి పెద్ద అక్షరాలు, అలవాటు లేని చెయ్యి రాసినవి. పొద్దున్నే ఇది చెవికి పెట్టండి, ఇది లేకపోతే ఈయనకు ఒక్క ముక్క వినబడదు, కంగారు పడిపోతారు, కసురుకోకండి.

పెట్టెలో చెవి మిషను ఉంది. కొత్త బ్యాటరీ మీద అంటించిన నారింజ రంగు కాగితం ముక్క ఇంకా ఎవరూ ఊడదీయలేదు.